రాజు ఇంటి పచ్చికుండ

పెరట్లో దండెం మీద కోమల చీర ఆరేసి ఉంది. ఆ చీర కింద, బయటికి కనబడకుండా, ఒక మగవాడి పంచె ఆరేసి ఉంది.

ఇంటి మగవాడు దండెం మీది చీరలు ఎత్తి చూడడు. హనుమండ్లు ఎత్తి చూశాడు. గాలికి చీర అంచు లేచినప్పుడు లోపల తెల్లగా ఏదో కదిలింది, అంతే. ఎర్రంచు పంచె. ఉతికి, పిండి, మడత విప్పి మరీ ఆరేసింది. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. దుబాయిలో ఉన్న పదకొండేళ్లూ తను ప్యాంటు తప్ప తొడగలేదు. అక్కడి కంపెనీ మూతపడి ఊరికి వచ్చాక లుంగీ తప్ప కట్టలేదు. కూతురు కరీంనగర్ హాస్టల్లో ఉంది. ఇంట్లో ఉండేది తల్లి ఐలవ్వ, పెళ్లాం కోమల. మరి ఈ పంచె ఎవడు కట్టాడు?

అడిగితే పోయేది. పెళ్లామే కదా, వంటింట్లోనే ఉంది. కానీ హనుమండ్లు సూటిగా అడిగే రకం కాదు. అతను అడిగేదానికి ఒక తీరు ఉంది. ఎదుటి మనిషి ముఖం చూడడు. చేతి గడియారం గొలుసును ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ, గోడకు వేలాడే క్యాలెండర్‌ను చూస్తూ అడుగుతాడు.

"పొద్దుగాల ఎటు పోయినవ్?"

"బీడీలు అప్పజెప్ప పోయిన."

"నిన్న మాపటికి?"

"భజనకు. చెప్పిన గదా."

"భజనల ఎవలెవలు ఉంటరు?"

"అందరం ఆడోళ్లమే. ఎందుకు?"

"నాకేం అనుమానం లేదు. ఊకెనే అడుగుతున్న."

దుబాయి నుంచి ఫోన్ చేసినన్నాళ్లూ ఇదే మాట. తిన్నావా అని అడగడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఈ మాట మరిచిన రోజు లేదు. విని విని కోమలకు అది ఫోన్ మోతలో భాగమై పోయింది. ఇప్పుడు మనిషే ఎదురుగా కూర్చుని అంటుంటే, ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. తల ఎత్తకపోవడం హనుమండ్లుకు మరో అనుమానం.

పంచె ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాడేమో. కోమల నడక మారింది. వెనకటి కోమల ఇంట్లో తిరిగితే పట్టీల చప్పుడు తప్ప వినబడేది కాదు. ఈ కోమల మడమలు నేలకు తాటిస్తూ, చేతులు ఊపుతూ పెద్ద పెద్ద అడుగులు వేస్తోంది. పై పెదవి మీద ఎర్రగా కందిన మచ్చ ఉంది. ఏమైందంటే దోమ కుట్టిందంది. సరిగ్గా పెదవి మీదనే, ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టిన దోమ ఎలాంటి దోమో హనుమండ్లుకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని మనసు ఊరికే వదలదు, తనకు తోచినట్టు పూరించుకుంటుంది. అతని మనసుకు ఆ పనిలో మంచి అలవాటుంది.

ఊరు కూడా అతనికి ఎడంగానే ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే నర్సక్కపేట అది. అందరూ తెలిసినవాళ్లే. అయినా అతను కిరాణా దుకాణం ముందుకు వస్తే చాలు, అరుగు మీది ఆడవాళ్ల మాటలు టక్కున ఆగిపోతాయి. నాలుగడుగులు దాటాక వెనక నవ్వు వినబడుతుంది. ఎదురింటి యాదవ్వయితే కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. చివరికి సొంత తల్లి, అడగని మాటకు జవాబిచ్చింది.

"నువ్వేం ఫికర్ చెయ్యకు కొడుకా. కోడలు బంగారం అసొంటిది."

ఫికర్ చేస్తున్నానని తను అన్నాడా? అననే లేదు. అనకముందే వద్దంటోందంటే ఏదో ఉన్నట్టే కదా. ఆ రోజు హనుమండ్లు అన్నం సగంలో వదిలి లేచాడు.

మర్నాడు కోమల నీళ్లు పోసుకుంటుండగా ఆమె ఫోన్ మోగింది. హనుమండ్లు ఎత్తాడు. మగ గొంతు.

"మేడం, ఆసిఫాబాద్ నుంచి మాట్లాడుతున్న. రూం రెడీ చేయించిన. కిటికీకి దోమల జాలి గూడ కొట్టించిన. మీరొక్కరే వస్తరా, సారు గూడ వస్తున్నరా?"

అవతలివాడు రెండుసార్లు హలో అన్నాడు. ఇతను ఫోన్ కట్ చేసి, ఉన్నచోటనే బోర్లా పెట్టి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆసిఫాబాద్‌లో రూం. కిటికీకి జాలి. సారు కూడా వస్తాడా అని ఎంత ధైర్యంగా అడిగాడు! ఇంత కాలం ఊరికే అడిగిన అనుమానానికి ఒక ఊరూ, ఒక గదీ, ఒక గొంతూ దొరికాయి. అది నిజమైతే తన బతుకే చెడుతుందని తెలుసు, అయినా తన అనుమానం తప్పు కాలేదన్న సంబరం కూడా లోపల సన్నగా ఉంది. ఆ సంబరానికి అతనికే సిగ్గేసింది.

అప్పటికీ అడగలేదు. సాయంత్రం భజన దగ్గరే పట్టుకుందామనుకున్నాడు.

భజన నేర్పేది అంబదాస్ గురువు. నేత పట్నంలో సాంచాల మీద గుడ్డ నేస్తూ, మిగిలిన పొద్దు చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి చిరుతలు నేర్పుతాడు. అరవై దాటాయి, ముందు పన్ను రెండు లేవు. అయినా హనుమండ్లు అతన్ని కూడా వదలకుండా అనుమానించాడు. గురువు ప్యాంటు తప్ప పంచె కట్టగా చూసినవాళ్లు లేరు కాబట్టి, పంచె సంగతిలో మాత్రం మినహాయించాడు.

ఈ గురువు హనుమండ్లుకు కొత్తవాడు కాదు. చేతిలో చిరుతలనే కొయ్య తాళాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడితే అది భజన, వేషాలు కట్టి రాజూ రాణీ అయి ఆడితే అది ఆట. భజన ఆడవాళ్లు చేసినా, ఆట మాత్రం ఆ ఊళ్లో మగవాళ్లదే. పదకొండేళ్ల కింద ఆ ఊరి ఆటకు హనుమండ్లే రాజు. మణికేతు మహారాజు కథ, ఐదు రోజుల ఆట. నాలుగు రోజులు ఆడాడు. జనం ఈలలు వేశారు, ముసలమ్మలు దిష్టి తీశారు. ఐదో రోజు పొద్దున వీసా వచ్చిందని కబురొస్తే, రాజు కిరీటం పెట్టెలో పెట్టి హైదరాబాదు వ్యాను ఎక్కాడు. చివరి రోజు జరగవలసిన పట్టం జరగనే లేదు. మొదలుపెట్టిన ఆటకు పట్టం కాకపోతే ఊరికి మంచిది కాదంటారు. బోరు ఎండినా, పంటకు పురుగు తగిలినా, దుబాయి నుంచి ఒకరి శవపెట్టె వచ్చినా, ఊళ్లో ఎవరో ఒకరు ఆ పట్టం మాట ఎత్తుతూనే ఉన్నారు. మళ్లీ ఆడదామంటే మగవాళ్లు మిగలలేదు. ఒకరి వెనక ఒకరు విమానమెక్కారు.

రెండేళ్ల కింద కోమల ఫోన్లో మెల్లగా కదిపింది, ఆడవాళ్లమే ఆట నేర్చుకుందామా అనుకుంటున్నామని. హనుమండ్లు ఒక్క మాటలో తేల్చాడు. "మన ఇంటి ఆడిది స్టేజి ఎక్కుడు నేను సచ్చినంకనే." ఆ మాట మళ్లీ రాలేదు. తేలిపోయిందనుకున్నాడు.

ఐదు గంటలకు కోమల బయలుదేరింది. కాసేపాగి అతనూ బయలుదేరాడు. భజన జరిగేది వాడకం మానేసిన పాత బడి గదిలో. తలుపు మూసి ఉంది. హనుమండ్లు చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గరికి చేరాడు. రెక్క సందులోంచి చూస్తే గజ్జెల కాళ్లు కనబడ్డాయి. గజ్జెల పైన ఎర్రంచు పంచె. పంచె పైన నడికట్టు. వీపు ఇటు తిప్పి, రొమ్ము విరుచుకుని, ఒక మగవాడు గదంతా తనదే అన్నట్టు అడుగులు వేస్తున్నాడు. వాడి ముందు యాదవ్వ ముసుగేసుకుని తల వంచి నిలబడింది.

హనుమండ్లు ముందువైపుకు పరుగెత్తి తలుపును కాలితో తన్నాడు. తలుపు గోడకు కొట్టుకుంది. మగవాడు ఇటు తిరిగాడు. బొద్దు మీసం. దాని ఒక కొస ఊడి గాలికి ఊగుతోంది.

అనుమానించిన మగవాడు దొరికాడు. కాకపోతే వాడి మెడలో హనుమండ్లు కట్టిన పుస్తె ఉంది.

"గీ పంచె ఎవనిది?" అన్నాడు హనుమండ్లు, ఇంక వేరే మాట తోచక.

"నీదే," అంది కోమల, మీసం నొక్కి అంటించుకుంటూ. "నువ్వు ఇడిసిపోయినదే. అవ్వ పెట్టెల దాసింది."

గదిలో ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. అంబదాస్ బోసి నవ్వుతో ఎదురొచ్చాడు. "లోపటికి రా హనుమండ్లూ. నీ వేషమే. ఉన్నమాట చెప్తున్న, అడుగు నీకంటె మంచిగ పడుతది."

లోపలికి రాలేదు. తన పంచెను తనే గుర్తు పట్టలేదన్న సిగ్గు, పెదవి మీది మచ్చ మీసం జిగురుదని తెలిసిన తేలిక, ఊరంతటికీ తెలిసి తనకు తెలియకుండా సాగిందన్న మంట, ఈ మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడ్డాడు. చివరికి మంటే గెలిచింది.

కోమల రాగానే అన్నాడు. "బంద్ చెయ్."

"చెయ్య," అంది. గట్టిగా కూడా అనలేదు. "ఎల్లుండి నుంచి ఆట. పట్టం అయ్యేదాక జర ఆగు."

"పట్టం అయినంక?"

"అయినంక నీకొక ముచ్చట చెప్పేదుంది."

"గిప్పుడు చెప్పు."

"అయినంక."

ఆ ముచ్చటేమిటో హనుమండ్లుకు తెలుసు. ఆసిఫాబాద్‌లో జాలి కొట్టించిన కిటికీ. ఆట అడ్డం పెట్టుకుని లోపల ఇంకో ఆట నడుస్తోంది. పట్టం కాగానే పోతుంది. గడియారం గొలుసు తిప్పుకుంటూ క్యాలెండర్ వైపు చూశాడు. "ఎటన్న పోయెడిది ఉన్నదా? నాకేం అనుమానం లేదు. ఊకెనే అడుగుతున్న."

కోమల అతన్ని కాసేపు అలాగే చూసింది. అతని ముఖాన్ని కాదు, గొలుసు తిప్పే చేతిని. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మగవాళ్ల ఆటయితే రాత్రి మొదలై తెల్లారేదాకా సాగేది. ఆడవాళ్లకు తెల్లారితే ఇంటిపని కాచుకుని ఉంటుంది కాబట్టి, ఈ ఆట మధ్యాహ్నం మొదలై పొద్దు గూకేసరికి ముగిసేది. నాలుగు రోజులు ఊరు ఊరంతా పందిట్లోనే ఉంది. హనుమండ్లు వెళ్లలేదు. వాకిట్లో కూర్చుంటే మైకులో కోమల గొంతు వినబడేది. ఆ గొంతు అంత దూరం పోగలదని అతనికి తెలియదు. వినకూడదనుకుంటూనే ప్రతి పాటా విన్నాడు. ఎక్కడ తను తాళం తప్పేవాడో అక్కడ ఆమె తప్పడం లేదు.

ఐదో రోజు పొద్దున కుమ్మరి వచ్చి కుండ ఇచ్చిపోయాడు. కాల్చని పచ్చికుండ. కథలో మణికేతు మహారాజు ఏళ్లకేళ్లు యుద్ధం చేసి ఇంటికొస్తాడు. రాణి గడపలో ఎవరిదో మగ చెప్పు చూసి అనుమానపడతాడు. పచ్చికుండలో ఏటి నీళ్లు తెచ్చి సభ చుట్టూ మూడుసార్లు తిరగమంటాడు. కుండ కరగకపోతే రాణి నిజం, రాజుకు నమ్మకం, ఊరికి పట్టం.

ఆ ఊరి కట్టుబాటు ప్రకారం కుండ రాజు వేషం వేసినవాళ్ల ఇంట్లోనే ఉండాలి. అందులో ఒక గుట్టుంది. రాజు వేషం కట్టినవాడే తలుపేసుకుని, తన చేత్తో కుండ లోపల తేనెమైనం కరిగించి పూయాలి. గురువుకూ రాజుకూ తప్ప రాణి వేషానికి కూడా ఆ సంగతి తెలియకూడదు. మైనం గురువే ఉట్నూర్ అంగడిలో కొనుక్కొస్తాడు. వెనకటిసారి హనుమండ్లు చేత మైనం పూయిస్తూ అంబదాస్ చెప్పాడు. "అనుమానపడె రాజే లోపట మైనం పూయాలె బిడ్డా. లేకుంటె ఆట లేదు." ఆ కుండను హనుమండ్లు ఎవరికీ ఇవ్వకుండానే వ్యాను ఎక్కేశాడు. అది అటక మీద ఉండి ఉండి మట్టయింది.

కోమల మైనం పూసి, కుండను మూలకు బోర్లించి, వేషం కట్టుకోవడానికి బడికి వెళ్లింది. ఐలవ్వ ముందే వెళ్లి పందిట్లో చోటు పట్టుకుంది. ఇంట్లో హనుమండ్లూ కుండా మిగిలారు.

చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కుండ నిలిస్తే పట్టం. పట్టమైతే ఆమె పోతుంది. కుండ కరిగితే ఆట చెడుతుంది, ఊరు తిడుతుంది, సిగ్గుతో ఆమె గడప దాటదు. అంతే లెక్క. లేచి, గోడకున్న మేకు పీకి, కుండను ఒళ్లో పెట్టుకుని అడుగున మైనం గీకాడు. పల్చటి మైనం పొరలుగా లేచి గోళ్లలో ఇరుక్కుంది. గీకినంత సేపూ, ఇది తను కాదు, ఎవరో చేస్తున్నారన్నట్టు ఉంది. మళ్లీ బోర్లించి, గోళ్లు కడుక్కుని, మొదటిసారి పందిరికి వెళ్లాడు. కుండ పగలడం కళ్లారా చూడాలి.

పందిరి కిక్కిరిసి ఉంది. వెనక వరసలో నిలబడ్డాడు. యాదవ్వ పంపిన ఒకామె ఇంటికెళ్లి కుండ తెచ్చి స్టేజి పక్కన పెట్టింది. అంబదాస్ మైకు పట్టుకున్నాడు.

"ఆట మొదలు పెట్టెటందుకు ముంగట ఒక సంతోషం ముచ్చట. మన మణికేతు మహారాజు సోమారం నుంచి ఆసిఫాబాద్ కాడ ఆడపిల్లల గురుకులంల టీచరమ్మ అయితున్నది."

స్టేజి మూల నుంచి కోమల వద్దు వద్దని చెయ్యి ఊపింది. గురువు చూడలేదు.

"పోయినేడు మండలంల పిల్లల పండుగకు కోమల మన పిల్లలతోని చిరుతలు ఆడిచ్చింది. గది గప్పుడు ఇటొచ్చిన గురుకులం సారు చూసిండు. గక్కడి పిల్లలు ఇంట్ల గోండి మాట్లాడుతరు. తెలుగు పాఠం సదువుమంటె నోరు ముడుస్తరట. పాఠాన్ని పాట కట్టి, చిరుతలు చేతికిచ్చి ఆడిపియ్యమని కొల్వు ఇచ్చిండ్రు. ఉండనీకె రూం గూడ రెడీ చేసిండ్రు. మీసం పెట్టుకొని గెంతితె ఏమొస్తదన్నోళ్లకు గిదే జవాబు!"

చప్పట్లు మోగాయి. హనుమండ్లు చెవుల్లో ఆ ఒక్క మాటే మోగింది. రూం. కిటికీకి జాలి. మీరొక్కరే వస్తరా, సారు గూడ వస్తున్నరా. సారంటే తనే.

ఇన్ని రోజులు పోగేసుకున్నదంతా ఒక్క ముక్కలో విడిపోయింది. ఆ స్థానంలోకి కుండ వచ్చి కూర్చుంది. జనాన్ని తోసుకుంటూ ముందుకు కదిలాడు. "జర ఆగుండ్రి, గా కుండ..." అన్నాడు. చిరుతల మోతలో ఎవరికీ వినబడలేదు. పెళ్లాం ఆట ఆపడానికి వచ్చాడనుకుని ముందు వరస ఆడవాళ్లు అతని చెయ్యి పట్టి లాగి నేల మీద కూర్చోబెట్టారు. "కూసో. పట్టం అయ్యేదాక కదిలినవా, చూడు మరి!" అంది ఒకావిడ. అప్పటికే రాణి వేషంలో ఉన్న యాదవ్వ కుండలో నీళ్లు నింపింది.

రాజు వచ్చాడు. పాట అయిపోయి మాట దగ్గరికొచ్చింది. పాటలు గురువు నేర్పినవే గాని, మాటలు వేషం కట్టినవాళ్లే అప్పటికప్పుడు కల్పించుకోవాలి. కోమల రాణి ముందు నిలబడి ముఖం పక్కకు తిప్పుకుంది. ఎడమ మణికట్టు మీది రాజకంకణాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ, పందిరి గుంజను చూస్తూ అడిగింది.

"నేను లేనప్పుడు ఎటెటు పోయినవ్ రాణీ? ఎవలెవలు వచ్చిండ్రు?" కొంచెం ఆగింది. "నాకేం అనుమానం లేదు. ఊకెనే అడుగుతున్న."

పందిరి విరగబడి నవ్వింది. ఐలవ్వ కూడా నవ్వింది. ముందు వరస ఆడవాళ్లు హనుమండ్లు వైపు తిరిగి మరీ నవ్వారు. తన గొంతు ఎంత చిన్నగా, ఎంత నీచంగా ఉంటుందో అతను మొదటిసారి బయటి నుంచి విన్నాడు. ఇంకో రోజయితే లేచిపోయేవాడు. ఈ రోజు కళ్లు కుండ మీది నుంచి కదలలేదు.

మొదటి చుట్టు. యాదవ్వ కుండ నెత్తిన పెట్టుకుని పాడుతూ తిరిగింది. రెండో చుట్టులో ఆమె చెంప మీదికి బురద చార ఒకటి దిగింది. చెమటేమో అనుకుని తుడుచుకుంది. మూడో చుట్టు సగంలో కుండ అడుగు ఊడి నీళ్లు భళ్లున ఆమె నెత్తి మీద పడ్డాయి.

చిరుతలు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో ముసలామె "అయ్యో, మల్ల పట్టం ఆగిందే!" అని ఏడుపు ఎత్తుకుంది. యాదవ్వ బురద ముఖంతో వణుకుతోంది. అంబదాస్ చేతిలోని మైకు దానంతటదే కిందికి దిగింది. హనుమండ్లు ముఖం దాచుకుందామంటే చేతులు లేవలేదు.

కోమల వంగి కుండ పెంకు తీసుకుంది. లోపలి వైపు వేలితో తడిమింది. మేకు గీతలు వేలికి తగిలినట్టున్నాయి. తలెత్తి జనంలో వెతికి, ముందు వరసలో అతన్ని పట్టుకుంది. ఆ చూపు ఎంతసేపో లేదు. తర్వాత కిరీటం తీసి చంకలో పెట్టుకుని, రాజు గొంతుతోనే పిలిచింది.

"మంత్రీ! గీ కుండ కాల్చినదా, పచ్చిదా?"

అంబదాస్ ఉలిక్కిపడి మైకు ఎత్తాడు. "పచ్చిది మహారాజా."

"పచ్చికుండల నీళ్లు నిలుస్తయా?"

"నిలువయి మహారాజా."

"గా ముచ్చట సంటి పిల్లకు గూడ ఎర్కే. మరి తెమ్మన్నదెవలు?"

"తమరే మహారాజా."

"నేను యుద్ధం మీద పోతె రాజ్యం కాపాడిందెవలు? అవ్వకు బువ్వ పెట్టిందెవలు?" జనం వైపు తిరిగింది. "చెప్పుండ్రి, ఎవలు?"

"రాణే!" అంది ఎవరో ఒకామె. తర్వాత పందిరంతా అంది. ఆ పందిట్లో మొగుడు గల్ఫులో లేని ఆడవాళ్లు తక్కువ.

"మరి పరీక్షల తప్పిందెవలు?"

"రాజే!"

"గట్లయితె పట్టం గూడ రాణికే," అని కోమల యాదవ్వ బురద నెత్తి మీద కిరీటం పెట్టి, పక్కన నిలబడింది. అంబదాస్ చిరుతలు మోగించాడు. కళ్లు తుడుచుకోవడం మరిచి మోగించాడు. ఇన్నాళ్లు ఆగిపోయిన పట్టం అలా అయింది.

పట్టమయ్యాక ఇంటింటివాళ్లూ వరసగా వచ్చి రాజు కాళ్లకు మొక్కి అక్షింతలు వేయించుకోవడం ఆనవాయితీ. ఐలవ్వ ముందే నిలబడి కోడలి కాళ్లు కళ్లకద్దుకుంది. హనుమండ్లును వెనక నుంచి ఎవరో తోశారు. ఒకప్పుడు తను కట్టిన పంచె అంచుల దగ్గర, తను కట్టిన గజ్జెల దగ్గర వంగాడు. లేచేసరికి కోమల మెడ దగ్గరి చిన్న మైకును పిడికిట్లో మూసింది.

"కుండ ఎవలు గీకిండ్రు?" అంది, అతనికి మాత్రమే వినబడేలా. "నాకేం అనుమానం లేదు. ఊకెనే అడుగుతున్న."

చెయ్యి గొలుసు దగ్గరికి పోబోయి ఆగింది. ఈసారి ఆమె ముఖంలోకే చూశాడు.

"నేనే," అన్నాడు.

"ఫోన్ ఎత్తింది గూడ నువ్వే అని అప్పుడే ఎర్క. గీ ఒక్కసారన్న సక్కగ అడుగుతవేమో అని చూసిన." అక్షింతలు అతని నెత్తిన వేసింది. "సోమారం పోతున్న. నువ్వు వద్దన్న పోత."

"పెట్టె నేను మోస్త," అన్నాడు. వినబడలేదేమోనని మళ్లీ అన్నాడు.

కోమల పిడికిలి విప్పి, మైకులో, పందిరంతా వినబడే రాజు గొంతుతో పిలిచింది.

"తర్వాతి ఇంటోళ్లు రావాలె!"

హనుమండ్లు పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చాడు.